మా పెరటి రడ్‌బెకియాలు

మాఘమాసమున మా ప్రహరిగోడ మీదుగా తొంగిచూచు పసుపుపూలను చదువరులలో కొందరు బంతిపూలని తలంచి పోవుచుందురు. అవి బంతులు కావు. వాని పేరు రడ్‌బెకియా. పుట్టిల్లు ఉత్తర అమెరికా పచ్చికబయళ్లు. బంగారువన్నె రేకులు, నడుమ కాటుక దిద్దినట్టి బొడిపె, ఆకునిండ గరుకు నూగు. స్వీడను దేశీయుడైన లిన్నేయసు ఉప్సలాలో పేద విద్యార్థిగా నున్నపుడు, 1730వ సంవత్సరమున, ఆచార్య ఓలోఫ్ రుడ్‌బెక్ ఆతనిని తన యింట చేర్చుకొని బిడ్డలకు చదువు చెప్పు పని నొసంగెను. శిష్యుడా యుపకారమును మరువక ఈ పూవునకు గురువు పేరు పెట్టెను. గురువుగారి తండ్రి పేరును ఓలోఫే గనుక గౌరవమిరువురకును దక్కినది. బడిపంతులమగు మాకు మొదట రుచించినది ఈ వృత్తాంతమే, పూవు తరువాత.

2022 అక్టోబరు తొలివారమున విత్తనముల పొట్లమొకటి తెప్పించితిమి. శిక్షణ కళాశాలలో ప్రకృతిపాఠము నేర్చినవారము గదా! పెరటి నల్లరేగడిలో చాళ్లు తీసి, రెండంగుళముల లోతున గింజలు పూడ్చి, చదునుచేసి, పేరుచీటీలు గ్రుచ్చి, నోటుపుస్తకమున తేదీ వ్రాసికొంటిమి. మూడు వారములు గడచెను. చీటీలు తప్ప నేలపైన మరేమియు కానరాలేదు.

మా అమ్మ అరుగుమీద గూర్చుండి యిదంతయు చూచుచుండెను. ఆమెకు అక్షరము రాదు. దివిసీమ మాగాణులలో కూలికి నారుదీసి, నాట్లువేసి, ఆ కూలిడబ్బులతో మమ్ము శిక్షణకు పంపినది.

“నారుమడిలో వడ్లు పూడ్చిపెడతామట్రా నాయనా? బురద మీద చల్లుతాం. ఆవగింజలో సగం లేని దాన్ని జానెడు లోతున పాతిపెడితే ఎట్టా వస్తది?”

జానెడు కాదు, రెండంగుళములే, ఐనను మారుపలుకలేదు. పొట్లము వెనుక చూడగా, ఈ గింజకు వెలుతురు తగులవలెననియు, మట్టి నామమాత్రముగా కప్పవలెననియు సన్నని యక్షరములలో నుండెను.

మిగిలిన గింజలను అమ్మ తీసికొన్నది. పాత నూనెడబ్బాను అడ్డముగా కోయించి, అడుగున చిల్లులు పెట్టించి, రేగడిమట్టిలో కృష్ణ యిసుకయు మాగిన పెంటయు కలిపి, గింజలు పైన చల్లి అరచేతితో నొత్తెను. నీరు పోయలేదు, చిలికెను. చీమలు మోసికొనిపోకుండ డబ్బాను నీళ్లపళ్లెములో నిటుకలపై నుంచెను. పదునొకండవనాడు మొలకలు కనబడెను. నాలుగాకులు వచ్చినపిదప నాటినదియు ఆమెయే. నడుము వంచి, వెనుకకు నడచుచు, మాగాణిలో నాటినట్లే. ఫిబ్రవరిలో తొలిపూవు విచ్చెను.

ఆంగ్లమున దీనిని నల్లకన్నుల సూసన్ అందురని చెప్పితిమి. మా పల్లెలో వీధికి ముగ్గురు సూసమ్మలు. అమ్మ చాలసేపు నవ్వి, నాటినుండి సూసమ్మపూలనియే పిలుచుచున్నది.

2024 సెప్టెంబరు 1వ తేదీన బుడమేరు పొంగి అజిత్‌సింగ్ నగరు మునిగినది. మా యింటను నడుములోతు నీరు నిలిచెను. మేము ధ్రువపత్రముల సంచిని నెత్తిన బెట్టుకొని పడవ యెక్కితిమి. ఇరువదియేండ్ల పాఠప్రణాళికలును, పూలతేదీల నోటుపుస్తకమును బీరువాలో నానిపోయెను. అమ్మ ఒట్టిచేతులతో వచ్చెను. మందులైన తెచ్చుకొనలేదేమని పడవలో పదిమంది యెదుట కసరితిమి. ఆమె మాటాడలేదు.

ఆ రాత్రి బంధువుల యింట కొంగుముడి విప్పెను. వేసవిలో ఎండిన బొడిపెలు నలిపి తీసిన గింజలు, తడియక యుండెను. “ఉప్పెన తరవాత చల్లుకోను గింజ లేక ఎంత అల్లాడామో నీకేం తెలుసు” అని మాత్రమనెను. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన మాట అది. మేమప్పటికి పుట్టలేదు. క్షమింపుమని యడుగవలెననుకొంటిమి, అడుగుటకు మరునాటి మధ్యాహ్నమైనది.

నీరు తీసినపిదప పెరడంతయు బురద. దానిని ఎండనిచ్చి, త్రవ్వి, అక్టోబరు చివర డబ్బాలో గింజలు చల్లితిమి. ఈసారి అమ్మ అరుగు దిగలేదు. చెప్పుచుండగా మేమే చేసితిమి. వెనుకకు నడచుచు నాటుట మాకు చేతకాక రెండు మొక్కలను త్రొక్కితిమి. తక్కినవి 2025 ఫిబ్రవరిలో పూచెను.

క్రొత్త నోటుపుస్తకమున, విత్తినవారి పేరు అను గడిలో అమ్మ పేరు వ్రాసి, చదివి వినిపించితిమి.

“సూసమ్మపూలని రాశావా?” అని యడిగెను.

రడ్‌బెకియా అని వ్రాసియుంటిమి. ప్రక్కన అదియు చేర్చితిమి.

గింజలు ఈయేడు మిక్కిలిగా నున్నవి. కోరిన విద్యార్థులకు చిటికెడు చొప్పున ఇచ్చెదము. కొంగు లేనివారు కాగితము తెచ్చుకొనవలెను.