ట్రంకుపెట్టెలో అత్తయ్య పేరు

మా ఇంట్లో మంచం కింద ఒక నల్ల ట్రంకుపెట్టె ఉంటుంది. మూత మీద తెల్ల పెయింటుతో మామయ్యగారి ఆర్మీ నంబరు, ర్యాంకు, పేరు రాసి ఉంటాయి. నేను కాపురానికి వచ్చిన పద్దెనిమిదేళ్ళలో ఆ పెట్టె తెరిచింది ఆయనొక్కరే. తాళంచెవి ఆయన మొలతాడుకే ఉండేది. ఏటా నవంబరులో ఒకసారి తీసేవారు, ఏవో కాగితాలు సంచిలో పెట్టుకుని వెళ్ళేవారు, వచ్చి మళ్ళీ తాళం వేసేవారు. లోపల ఏముందని అత్తయ్య ఏనాడూ అడగలేదు. నేనూ అడగలేదు.

2023 ఆగస్టులో మామయ్యగారు పోయారు. డెబ్బై ఒక్కేళ్ళు. పెద్దకర్మ అయిన మర్నాడు ఆ పెట్టె నేను తెరిచాను. మడత పెట్టిన యూనిఫాం, రెండు పతకాలు, నాఫ్తలిన్ ఉండల వాసన. అడుగున ఇంగ్లీషు, హిందీ కాగితాల కట్ట. నేను డిగ్రీ చదివాను. అయినా ఆ కట్టలో ఏది ముఖ్యమో, ఏది చిత్తు కాగితమో నాకు అర్థం కాలేదు.

ఆ నెల నుంచి పెన్షన్ ఆగింది. అది ఆగాల్సిందే. మనిషి పోయాక ఆయన పెన్షన్ ఆగి, భార్య పేరున ఫ్యామిలీ పెన్షన్ మొదలవ్వాలి. మామయ్యగారి వయసులో పోయినవాళ్ళ భార్యకి చివరి జీతంలో 30 శాతం లెక్కన వస్తుంది. మరణ ధ్రువీకరణ పత్రం ఇస్తే చాలు, రెండు నెలల్లో వచ్చేస్తుందని అందరూ చెప్పారు. మేమూ అలాగే అనుకున్నాం.

రాలేదు. ఎందుకంటే పెన్షన్ కాగితంలో భార్య అని ఉన్న పేరు మా అత్తయ్యది కాదు.

అంటే ఆవిడదే, కానీ పుట్టింట్లో పిలిచే ముద్దుపేరు. 1979లో పెళ్ళయి వారం తిరక్కుండానే మామయ్యగారు యూనిట్‌కి వెళ్ళిపోయారు. అక్కడ భార్య పేరేంటని అడిగితే నోటికి వచ్చిన ఆ రెండక్షరాల పేరు చెప్పారు. పుట్టిన తేదీ అడిగితే ఉజ్జాయింపుగా ఒక తేదీ చెప్పారు. తర్వాత రేషన్ కార్డులో, ఓటరు కార్డులో, ఆధార్‌లో అత్తయ్య అసలు పేరు పడింది. రెండు చోట్లా రెండు పేర్లు, రెండు పుట్టినరోజులు. నలభై నాలుగేళ్ళపాటు ఆ తేడాతో ఎవరికీ పనిబడలేదు.

"నేను నేనే అని నేనెవరికి చెప్పుకోవాలే అమ్మాయ్?" అంది అత్తయ్య. నా దగ్గర జవాబు లేదు.

పిడుగురాళ్ళ ఎలాంటి ఊరో ఇక్కడివాళ్ళకి చెప్పనక్కర్లేదు. సున్నం బట్టీలు, ముగ్గు మిల్లులు, ఇళ్ళ ముందు చెట్ల ఆకుల మీద కూడా తెల్లటి పొడి. బట్టీ గురించి, లారీ కిరాయి గురించి ఎవరినడిగినా చెబుతారు. పటాలం కాగితాల గురించి అడిగితే చెప్పేవాళ్ళు తక్కువ. పశ్చిమ గోదావరిలో తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం అని ఊరుంది. ప్రపంచ యుద్ధాల కాలం నుంచి సైన్యంలోకి వెళ్ళినవాళ్ళు ఎక్కువ కాబట్టి దాన్ని మిలిటరీ మాధవరం అనే పిలుస్తారు. మా దగ్గర అలా కాదు. ఈ బజారులో ఒక ఇల్లు, ఆ సందులో ఒక ఇల్లు. ఒకరి సంగతి ఒకరికి తెలియదు.

నాలుగు నెలలు అలాగే గడిచాయి. మావారికి మోటార్ వైండింగ్ షాపు. వానాకాలంలో పని ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. ఇద్దరు పిల్లల ఫీజులు. ఇల్లు గడవకపోలేదు కానీ మామయ్యగారి పెన్షన్ ఎంత ఆసరాగా ఉండేదో అది లేనప్పుడే తెలిసింది.

డిసెంబరులో ఒకరోజు అత్తయ్య దిండు సర్దుతుంటే బీపీ మాత్రల అట్ట కనిపించింది. ప్రతి గూడులోనూ సగం మాత్ర మిగిలి ఉంది. ఆవిడ రోజుకొకటి వేసుకోవాల్సింది సగం విరిచి వేసుకుంటోంది. అడిగితే ముందు చెప్పలేదు. గట్టిగా అడిగితే, "ఇప్పుడు నా డబ్బులేం రావట్లేదు కదే. మీ మీద ఎందుకు?" అంది.

నేను వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను. ఆ మాటకి కోపం వచ్చింది, సిగ్గు కూడా వేసింది. ఆవిడ అలా అనుకునేలా ఈ ఇంట్లో మేమేమైనా అన్నామా అని వెనక్కి తిరిగి ప్రతి మాటా గుర్తు చేసుకున్నాను. సర్కారు ఆపిన డబ్బు ఒక ఎత్తు. నాకిక్కడ హక్కు లేదేమోనని ఆవిడ లోలోపల కుంగిపోవడం ఇంకో ఎత్తు.

మర్నాడు పాలకేంద్రం దగ్గర ఒకామెతో మాటల్లో ఇది చెప్పాను. "మా వెనక బజారులో రిటైరైన సుబేదారు గారున్నారు, అడగలేకపోయావా" అందామె. ఇన్నాళ్ళూ ఆ ఇంటి ముందు నుంచే కూరగాయలకి వెళ్తున్నాను.

సుబేదారు బాబాయిగారు మా కట్టంతా చాప మీద పరిచి మూడు కుప్పలు చేశారు. మొదటి కుప్పలో డిశ్చార్జి బుక్కు, పీపీవో అనే పెన్షన్ ఉత్తర్వు. "ఈ రెండూ ప్రాణం" అన్నారు. రెండో కుప్పలో ఆస్పత్రి కార్డు, క్యాంటీన్ కార్డు, బ్యాంకు పుస్తకం. మూడోది పాత ఉత్తరాలు. "ఇవి మీ అత్తగారికి ఇవ్వమ్మా, ఆవిడవి" అన్నారు.

తర్వాత ఆయన చెప్పింది మీకూ పనికొస్తుందని రాస్తున్నాను. సైనికుడి భార్యాపిల్లల వివరాలు ఆయన రెజిమెంటు రికార్డు ఆఫీసులో ఉంటాయి. మద్రాసు రెజిమెంటుది నీలగిరుల్లో వెల్లింగ్టన్‌లో, మద్రాసు ఇంజనీర్ గ్రూపుది బెంగళూరులో, ఈఎంఈ వాళ్ళది సికింద్రాబాదులో. అక్కడి రాతలో ఏ పేరుంటే పెన్షన్ కాగితంలోనూ అదే ఉంటుంది. ఇప్పుడు పెన్షన్లన్నీ స్పర్శ్ అనే ఆన్‌లైన్ పద్ధతిలోకి మారాయి కాబట్టి ఆధార్‌తో అక్షరం తేడా ఉన్నా పని ఆగిపోతుంది. మనిషి బతికుండగా ఆయనే దరఖాస్తు పెట్టి సరిచేయించుకోవడం తేలిక. పోయాక ఆ బరువంతా భార్య మీద పడుతుంది.

అక్కడి నుంచి ఒక్కొక్కరూ ఒక్కో చెయ్యి వేశారు. బాబాయిగారు మిలిటరీ ఇంగ్లీషులో దరఖాస్తు రాశారు. రెండు పేర్లూ ఒక మనిషివేనని అఫిడవిట్ చేయించాం, పేపర్లో ప్రకటన వేయించాం. పెళ్ళి నాటి శుభలేఖ అత్తయ్య పుట్టింట్లో దొరికింది, అందులో అసలు పేరు ఉంది. మామయ్యగారితో కలిసి పనిచేసిన ఇద్దరు దాచేపల్లి వైపు నుంచి వచ్చి సాక్షి సంతకాలు పెట్టారు. వాళ్ళు మా ఇంట్లో అన్నం తిని, మామయ్యగారు మంచులో కాపలా కాసిన సంగతులు చెబుతుంటే అత్తయ్య మొదటిసారి వింది. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం గుంటూరులో ఉంటుంది. ఇక్కడి నుంచి బస్సులో రెండు గంటలు. మూడుసార్లు వెళ్ళాం. అక్కడ కాగితాలు పరిశీలించి, ముద్ర వేసి, రికార్డు ఆఫీసుకి పంపారు. స్పర్శ్‌లో వివరాలు ఎక్కించడం మా బస్టాండు దగ్గర కామన్ సర్వీస్ సెంటర్ నడిపే తమ్ముడు చేశాడు. స్పర్శ్ పనులు ఆ సెంటర్లలో కూడా చేయించుకోవచ్చని మాకు అప్పటిదాకా తెలియదు.

2024 మే నెలలో బ్యాంకు నుంచి మెసేజ్ వచ్చింది. ఆగస్టు నుంచి ఆగిన బాకీతో సహా పడింది. అత్తయ్య ఫోను నా చేతిలోంచి తీసుకుని, చదవడం రాకపోయినా ఆ అంకెని చాలాసేపు చూసింది. ఆ సాయంత్రం మందుల షాపుకి తనే నడిచి వెళ్ళి నెలకి సరిపడా మాత్రలు తెచ్చుకుంది. నన్ను రమ్మనలేదు.

ఇంతటితో మా కథ అయిపోయింది అనుకున్నాను. సుబేదారు బాబాయిగారి భార్య, నేను పిన్నిగారని పిలుస్తాను, ఒకరోజు నన్ను వంటింట్లోకి పిలిచి మెల్లగా అడిగింది: "అమ్మాయ్, మా ఆయన ఊరందరి కాగితాలూ చూస్తాడు. నా పేరు సరిగ్గా ఉందో లేదో చూసిపెడతావా?"

ఆ ప్రశ్నతోనే మొదలైంది. ఆ ఏడాది కార్తీకంలో బాబాయిగారి వరండాలో ఒక ఆదివారం కూర్చున్నాం. పిడుగురాళ్ళ, జానపాడు, చుట్టుపక్కల ఊళ్ళ నుంచి పదకొండు కుటుంబాలు వచ్చాయి. షరతు ఒక్కటే: కాగితాలతో పాటు భార్య కూడా రావాలి. పదకొండింటిలో ఆరుగురి పేర్లలో తేడా. ఒకామె ఇంటిపేరు ఇంకా పుట్టింటిదే. ఇంకొకామె పుట్టిన సంవత్సరం ప్రకారం ఆవిడకి ఏడేళ్ళకే పెళ్ళయినట్టు. అందరం నవ్వాం. ఆవిడ భర్త మాత్రం నవ్వలేదు. "నేను బతికుండగా దీనికి ఇవన్నీ ఎందుకండీ, అపశకునం" అన్నాడు. ఆవిడ ఏమీ అనలేదు. మర్నాడు మధ్యాహ్నం ఆయన నిద్రపోయాక డిశ్చార్జి బుక్కు కొంగులో చుట్టుకుని మా ఇంటికి వచ్చింది. ఫోనులో ప్రతి పేజీ ఫొటో తీసి ఆవిడ కూతురికి పంపాను.

అపశకునం అన్న మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. మన పల్నాడులో వీరులంటే ఎంత గౌరవం! కారెంపూడిలో నాగులేటి ఒడ్డున వీరుల గుడి ఉంది. ఏటా కార్తీక అమావాస్యకి అయిదు రోజులు ఉత్సవాలు చేసి, యుద్ధంలో పోయినవాళ్ళ ఆయుధాలకి ఇవాళ్టికీ పూజ చేస్తాం. చిన్నప్పుడు మా నాన్న భుజం మీద కూర్చుని చూశాను. బాలచంద్రుడి కథ అందరం చెప్పుకుంటాం. ఆయన పోయాక మాంచాల ఇల్లు ఎలా గడిచేదని మాత్రం ఎవరం అడగం. మామయ్యగారు పోయినప్పుడు కూడా దండ వేయడానికి చాలామంది వచ్చారు. పెద్దమ్మా, నీ కాగితాలు సరిగ్గా ఉన్నాయా అని ఒక్కరూ అడగలేదు. వాళ్ళని తప్పుబట్టను. నాకూ తోచలేదుగా.

ఇలా కూర్చోవడం వల్ల మాకు తెలిసినవి ఇంకొన్ని. పెన్షన్ రాకుండా బయటికి వచ్చేసిన మాజీ సైనికులకి, వాళ్ళు పోతే వాళ్ళ భార్యలకి 65 ఏళ్ళు దాటాక కేంద్రీయ సైనిక్ బోర్డు నుంచి నెలనెలా సాయం ఉంది. హవల్దారు, అంతకంటే కింది ర్యాంకుల వాళ్ళకి. అది 4,000 రూపాయలుండేది, 2025 నవంబరు నుంచి పెట్టుకునే దరఖాస్తులకి 8,000 చేశారు. ఇద్దరు పిల్లల చదువుకి ఒక్కొక్కరికి నెలకి 2,000, కూతురి పెళ్ళికి లక్ష. దరఖాస్తు ఆన్‌లైన్‌లో పెట్టాలి, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం వాళ్ళు పరిశీలిస్తారు. వైద్యానికి 2003లో మొదలైన ఈసీహెచ్‌ఎస్ కార్డు ఉంది, అందులో భార్య కార్డు వేరుగా ఉండాలి. పొలం తగాదాల్లాంటి వాటికి ఉచిత న్యాయ సాయం ఉంది, 15100కి ఫోన్ చేయొచ్చు. సైనిక కుటుంబాల కోసమే 2025 జూలైలో జాతీయ న్యాయ సేవల సంస్థ ఒక పథకం కూడా మొదలుపెట్టింది. ఇన్ని ఉన్నాయి. అయితే ఇవన్నీ మనింటి గడప దాకా నడిచి రావు. మన బజారులో తెలిసినవాళ్ళు ఒకరుండి, చాప వేసి పక్కన కూర్చుంటేనే అందుతాయి.

మీ ఇంట్లో ఆర్మీ వాళ్ళున్నా, పోలీసులున్నా, రైల్వే వాళ్ళున్నా ఇవాళ రాత్రి అన్నం పెట్టేటప్పుడు అడగండి. పెన్షన్ కాగితం ఎక్కడుంది? అందులో నా పేరు ఎలా రాశారు? బ్యాంకు ఖాతా ఇద్దరి పేరునా ఉందా? అడిగితే ఎవరి ఆయుష్షూ తగ్గదు.

ఇక మా అత్తయ్య సంగతి. ఏటా నవంబరులో బతికున్నామని జీవన ప్రమాణ పత్రం ఇవ్వాలి కదా. పెళ్ళికి ముందు పుట్టింట్లో బట్టీల దగ్గర పనిచేసిన చేతులు, ఇంటి చాకిరీలో మరీ అరిగాయి. వేలిముద్ర పడలేదు. అందుకని మొన్న నవంబరులో వరండాలో కుర్చీ వేసి ఫోనులో ముఖం చూపించే పద్ధతిలో చేశాం. కన్నార్పమని అడుగుతుంది అది.

"బతికే ఉన్నానని కన్ను కొట్టి చెప్పాలటే?" అంది అత్తయ్య. పక్కన వరసలో కూర్చున్న ఆడవాళ్ళంతా పకపకా నవ్వారు. ఆవిడ కొంగు సర్దుకుని, ఫోనులోకి సూటిగా చూసి, నిదానంగా ఒకసారి కన్నార్పింది. తెర మీద ఆవిడ అసలు పేరు, పూర్తి పేరు వచ్చింది.

ట్రంకుపెట్టె తాళంచెవి ఇప్పుడు దేవుడి గూట్లో, అందరికీ కనిపించేలా మేకుకి ఉంటోంది.