పాత గడ్డికోత యంత్రము

ప్రాచీన గ్రంథముల కర్తృత్వమును, కాలమును నిర్ణయించుటకు మన పండితులు పడిన శ్రమ సామాన్యము కాదు. ఒక్క శ్లోకము ప్రక్షిప్తమగునా కాదా యని సంవత్సరముల తరబడి వాదించిరి. ఆ శ్రద్ధలో శతాంశమైనను మన పెరటిలోని పనిముట్టుపై చూపము. పనివాని చేతిలోని వస్తువు చరిత్రకు తగదను దురభిప్రాయము మనలో నాటుకొని యున్నది.

తార్నాకలో విశ్వవిద్యాలయపు ఆవరణమునకు సమీపమున నొక పాత యింటివారు ఈ వేసవిలో కొట్టుగది ఖాళీ చేయుచు, చేతితో నెట్టెడి గడ్డికోత యంత్రమును పాత యినుము క్రింద తూకమునకు వేయ నిశ్చయించిరి. అంతకుముందు నన్ను పిలిపించి, "సారూ, ఇది నిజాము కాలపుదేనా?" యని యడిగిరి. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమును, 1939లో ప్రారంభమైన దాని ఆర్ట్సు కళాశాలా భవనమును నిత్యము చూచువారికి ఆ ప్రశ్న సహజమే.

ఈ యంత్రపు వంశావళి తెలిసినదే. ఇంగ్లండులో స్ట్రౌడు ప్రాంతమువాడైన ఎడ్విన్ బడ్డింగు, ఉన్నిబట్టల నూగు కత్తిరించు మర పద్ధతిని పచ్చికకు అన్వయించి 1830లో పేటెంటు పొందెను. 1832లో ఇప్స్విచ్ నగరపు రాన్సమ్సువారు దానిని తయారుచేయుటకు అనుమతి గొనిరి. 1859లో లీడ్సు నగరపు థామస్ గ్రీను పండ్లచక్రములకు మారుగా గొలుసును వాడెను.

కిరసనాయిలుతో తుడువగా ప్రక్కపలకపై "రాన్సమ్స్, సిమ్స్ అండ్ జెఫరీస్ లిమిటెడ్" అను పోత యక్షరములు బయటపడినవి. ఆ సంస్థ యీ పేరు గైకొన్నది 1884లో. క్రింద ఆరంకెల పేటెంటు సంఖ్య కలదు. బ్రిటిషు పేటెంట్లకు పూర్వము ఏటేట ఒకటి నుండి లెక్క మొదలగుచుండెను. 1916లో 1,00,001 నుండి తెగని వరుస యారంభమైనది. కావున యంత్రము అంతకు ముందటిది కాజాలదు. అయినను సంఖ్య పూర్వావధిని మాత్రమే చెప్పును. పోతపోసిన యేడును చెప్పదు.

అంతలో, ఆ యింట ముప్పది యేండ్లుగా తోటపని చేయుచున్న వృద్ధుడు నేలపై గూర్చుండి కత్తులచుట్టను మెల్లగా త్రిప్పి, "సారూ, ఈ అయిదు కత్తులల్ల రెండు మన కమ్మరాయన కొట్టినయి. సుత్తె దెబ్బలు సూడుండ్రి. పిడి గూడ మన టేకే" అనెను. చూడగా నిజమే. పలకను మాత్రమే చదివి మొత్తమునకు కాలము కట్టువాడు ఆ రెండు కత్తులను విలాయతీ వనుకొనియుండును. ప్రక్షిప్తములను గుర్తించిన పండితుడు ఆ వృద్ధుడే. ముప్పది యేండ్లలో ఆ యింట నెవ్వరును "నీకేమి తెలియును?" అని ఆయనను అడిగి యుండలేదట!

యంత్రము తూకమునకు పోలేదు. ఆ యింటి యాడుబిడ్డ యొక అట్టపై తయారీదారు పేరును, 1916 అను పూర్వావధిని, కమ్మరి కత్తుల సంగతిని వ్రాసి, వృద్ధుని పూర్తి పేరడిగి దానిని గూడ చేర్చినది. అంతవరకు ఆ యింటివారికి ఆయన పూర్తి పేరు తెలియదు.

చదువరులారా, మీ యింట మూలబడిన మోటారును గాని, కుట్టుమిషనును గాని అమ్ముటకు ముందు పలకను చదువుడు, సంఖ్యను వ్రాసికొనుడు, మరలను, అరుగుదలను పరీక్షింపుడు. పిమ్మట దానితో పనిచేసినవారిని పిలిచి, కూర్చుండబెట్టి, అడుగుడు.