ఆకులోని స్నేహం

సంస్కృతంలో 'స్నేహ' శబ్దానికి చెలిమి అనీ, చమురు అనీ రెండర్థాలు. ఆయుర్వేదం నేతిని, నువ్వులనూనెను స్నేహద్రవ్యాలంటుంది. తెలుగులోనూ నెయ్యి, నెయ్యము పక్కపక్కనే వినబడే మాటలు. తెలుగు పాఠాలు చెప్పుకొని బ్రతికిన నాకు జీవరసాయనం పరాయి శాస్త్రమే. అయినా మొక్కలలోని స్నేహద్రవ్యాలను శోధించిన ఆండ్రూ బెన్సన్ జీవితం చదువుతూంటే ఈ శబ్దమే మనసులో మెదిలింది.

బెన్సన్ 1917లో కాలిఫోర్నియాలోని మొడెస్టోలో జన్మించారు. 1946 నుండి బర్క్లీలో మెల్విన్ కాల్విన్ ప్రయోగశాలలో పనిచేశారు. రేడియోధార్మిక కార్బన్-14 కలిగిన బొగ్గుపులుసు వాయువును పచ్చని నాచుకు అందించి, క్షణాలలోనే ఆ నాచును వేడి ఆల్కహాలులో ముంచేవారు. దాని సారాన్ని కాగితంపై ప్రాకించి, పైన ఎక్స్-రే ఫిల్ము ఆనించి రోజుల తరబడి ఉంచితే, కార్బన్ చేరిన పదార్థాలు నల్లని మచ్చలుగా తేలేవి. ఆకు చక్కెరను వండుకొనే క్రమం ఆ మచ్చలలోంచే బయటపడింది.

1954లో కాల్విన్ ఆయనను వెళ్ళిపొమ్మన్నారు. 1961లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి కాల్విన్ ఒక్కరికే వచ్చింది. 1992లో వెలువడిన కాల్విన్ ఆత్మకథలో బెన్సన్ పేరే లేదు. మన ప్రబంధాల అవతారికలలో పూర్వకవిస్తుతి ఒక మర్యాద. ముందు నడిచినవారికి మ్రొక్కి కానీ కవి కథలోకి దిగడు. ఇక్కడ పక్కన నడిచినవానికే ఒక్క వాక్యం దక్కలేదు.

పొమ్మన్న తరువాత ఆయన ఏం చేశారన్నది నన్ను మరింత ఆకర్షించింది. పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయానికి వెళ్ళి, అదే కాగితపు విద్యను కొవ్వులపై ప్రయోగించారు. ఈసారి వెలుగు చూపింది రేడియోధార్మిక భాస్వరం, గంధకం. 1958లో మరువో అనే సహచరునితో కలిసి ఫాస్ఫాటిడిల్ గ్లిసరాల్ అనే కొవ్వును గుర్తించారు. 1959లో మరో ఇద్దరితో కలిసి గంధకం గల సల్ఫోలిపిడ్‌ను ప్రకటించారు. గ్లూకోజును పోలిన చక్కెరలో గంధకం నేరుగా కార్బన్‌కే అతుక్కొని ఉండటం దాని విశేషం.

ఈ కొవ్వులు ఉండే చోటు హరితరేణువులోని పలుచని పొర. కొవ్వు అణువుకు నీటిని కోరే తల, నీటిని ఓర్వని తోకలు ఉంటాయి. తోకలు లోపలికి, తలలు వెలుపలికి పెట్టి రెండు వరుసలుగా నిలిస్తే పొర ఏర్పడుతుంది. పత్రహరితం వెలుతురును పట్టేది ఆ పొరలోనే. అందులో ఎక్కువ భాగం గాలక్టోజు చక్కెర తలగా గల, భాస్వరం అక్కరలేని కొవ్వులే. నేలలో భాస్వరం కొరవడినపుడు మొక్క సల్ఫోలిపిడ్‌ను పెంచుకొని, ఫాస్ఫాటిడిల్ గ్లిసరాల్ చేసే పనిలో కొంత దానికి అప్పగిస్తుంది. బియ్యం నిండుకుంటే జొన్నలతో సర్దుకొనే ఇల్లాలి నేర్పు అది. కానీ ఆ కొవ్వు లేకుండా పూర్తిగా గడవదు.

1966లో బెన్సన్ ఒక ఊహాచిత్రం గీశారు. కొవ్వుల తోకలు ప్రోటీనుల లోపలికే చొచ్చుకొని ఉంటాయన్నారు. 1972లో సింగర్, నికల్సన్‌లు కొవ్వు సముద్రంలో ప్రోటీనులు తేలుతాయని చెప్పిన నమూనాయే లోకం అంగీకరించింది. బెన్సన్ చిత్రం మొత్తంగా నిలవలేదు. అయితే 2001లో ఫోటోసిస్టం-1 అనే ప్రోటీను సముదాయపు స్ఫటిక నిర్మాణం వెలువడినపుడు, దాని లోపల నాలుగు కొవ్వు అణువులు కుదురుకొని కనబడ్డాయి. వాటిలో మూడు ఫాస్ఫాటిడిల్ గ్లిసరాల్! ఓడిన ఊహలోనూ ఒక సత్యపు గింజ దాగి ఉండవచ్చునన్నమాట.

1962లో స్క్రిప్స్ సముద్రశాస్త్ర సంస్థ చేరి, సముద్రజీవుల మైనాలను, పగడాలను శోధిస్తూ గడిపిన బెన్సన్ 2015లో తొంభై ఏడవ ఏట కన్నుమూశారు. ఇప్పుడు చాలామంది దానిని కాల్విన్-బెన్సన్ చక్రమనే వ్రాస్తున్నారు. ఆయన పట్టిచ్చిన కొవ్వులకు మాత్రం ఏ మనిషి పేరూ లేదు.

బడులలో ఈ పాఠం చెబుతున్న ఉపాధ్యాయ మిత్రులకు ఒక్క మనవి. నల్లబల్లపై ఆ చక్రం గీసినపుడు, రెండవ పేరు కూడా పలకండి. పిల్లలు ఆయనెవరని అడిగితే ఆకు లోపలి పొర గురించి చెప్పండి. ఒక తలుపు మూసుకొన్నవాడు మరో తలుపు వెదుక్కొన్న కథ పిల్లలకు చక్కెర వండే క్రమం కన్నా ఎక్కువ కాలం గుర్తుంటుంది.