గుడ్డెలుగు తిరిగే చోట సద్దిమూట

మా నల్లమలలో పులికంటే గుడ్డెలుగుకే ఎక్కువ భయపడతాం. మనిషి అలికిడి వింటే పులి చాలావరకు తానే పక్కకు తప్పుకుంటుంది. గుడ్డెలుగుకు చూపు మందం, వినికిడి కూడా అంతంతే. పుట్ట తవ్వుకుంటూనో, ఇప్పపువ్వు తింటూనో తన పనిలో తానుంటుంది. మనం బాగా దగ్గరికొచ్చేదాకా దానికి తెలియదు. తెలిసేసరికి బెదిరి మీద పడుతుంది. మా మేనమామకు ఎడమ కన్ను పోయింది అట్లాగే, ఇప్పచెట్టు కింద, తెల్లవారకముందు.

నేను చెంచు పెంటలో పుట్టి, డీఎడ్ చదివి, ఇరవై ఏళ్లుగా పెంటల పిల్లలకే పాఠాలు చెప్తున్నాను. తెలిసిన దాని నుంచి తెలియని దానికి పిల్లల్ని నడిపించాలని డీఎడ్‌లో మాకు నేర్పారు. కానీ ఇద్దరు స్నేహితులు, ఎలుగుబంటి కథ చెప్పినప్పుడల్లా నా తరగతిలో నవ్వులే. ఒకడు చెట్టెక్కి తప్పించుకున్నాడు అనగానే ఎవరో ఒకరు లేస్తారు. "సార్, తేనె కోసం చెట్టెక్కే గుడ్డెలుగు, వాని కోసం ఎక్కదా?" ఆ ప్రశ్నకు కథలో జవాబు లేదు.

ఆ తరగతిలో కూర్చున్న పిల్లలు కొందరు ఇప్పుడు అటవీశాఖలో వాచర్లుగా, వచ్చిపోయే వాళ్లకు గైడ్లుగా పనిచేస్తున్నారు. వాళ్లలో ఒకడు ఒకరోజు ఫోనులో వీడియో చూపించాడు. అమెరికాలో యోసెమిటీ అనే జాతీయ పార్కు ఉంది. అక్కడి అడవిలో రాత్రుళ్లు ఉండేవాళ్లు తిండిని గట్టి డబ్బాలో పెట్టుకుని పోవాలి. అది నియమం. డబ్బా మూత మనిషి తీయగలడు, ఎలుగు తీయలేదు. "సార్, మనకు గూడ ఇసొంటి డబ్బాలుంటే ఎట్లుంటది?" అన్నాడు.

మంచి ప్రశ్నే. అక్కడి ఎలుగు మనుషుల తిండి రుచి మరిగితే భయం పోయి గుడారాల మీదికే వస్తుంది. అట్లా అలవాటుపడ్డ దాన్ని చివరికి చంపాల్సి వస్తుంది. కాబట్టి ఆ డబ్బా తిండిని దాచడమే కాదు, ఎలుగు ప్రాణాన్నీ కాపాడుతుంది. మన గుడ్డెలుగు సంగతి కొంచెం వేరు. దాని అసలు తిండి చెదలు, చీమలు. పైదవడ ముందు పళ్లు రెండు ఉండవు. ఆ సందులోంచి పుట్టలోని చెదల్ని బుస్సుమని పీలుస్తుంది. తక్కినదంతా మనం తినేదే, మనం అమ్ముకునేదే. ఇప్పపువ్వు, తేనె, తునికిపండు, నేరేడు, రేగు. ఈ తిండిని ఏ డబ్బాలో పెడతాం? అడవే డబ్బా, మూత తీసే ఉంది.

మా తాత రాత్రికి అడవిలో ఆగాల్సి వస్తే ముందు తల పైకెత్తి చెట్టు చూసేవాడు. పూతమీదో పండుమీదో ఉన్న చెట్టు కింద మమ్మల్ని పడుకోనిచ్చేవాడు కాదు. తర్వాత నేల చూసేవాడు. కొత్తగా తవ్విన పుట్ట ఉన్నా, రేల గింజలు కలిసిన దాని మలం కనబడినా అక్కడ మూట దించేది లేదు. పొద్దుండగానే వంట అయిపోవాలి. తిన్నచోట పడుకోకూడదు, ఇంకా కొంత దూరం నడవాలి. ఎంగిలి ఆకులు మంటలో కాల్చేవాడు, పాతిపెట్టేవాడు కాదు. తవ్వడమే బతుకైన జంతువుకు జానెడు మట్టి ఏమడ్డం? తేనె తీసిన రోజు ఇంకా జాగ్రత్త. తేనె డబ్బా, మైనం, తేనె అంటిన గుడ్డలు అన్నీ మాకు దూరంగా వేరే బండమీద ఉండేవి. చెట్టుకు కట్టొచ్చు కదా అంటే, అది మనకంటే బాగా ఎక్కుతుంది అనేవాడు. "తేనె పోతే మళ్ల తీస్తం" అని పడుకునేవాడు.

ఇప్పపువ్వు దగ్గర మాత్రం ఈ జాగ్రత్తలు చాలవు. పువ్వు రాత్రంతా రాలుతుంది. పశువులు, జింకలు తినకముందే ఏరుకోవాలని మనవాళ్లు చీకట్లోనే పోతారు. అదే వేళకు అదీ వస్తుంది, ఒక్కోసారి వీపున పిల్లల్ని మోసుకుని. పూర్తిగా తెల్లవారాకే పోవాలి, ఒక్కరే పోకూడదు, పాటో మాటో దగ్గో వినిపిస్తూ పోవాలి. కుక్క తోడుంటే మంచిదని కొందరంటారు. కుక్క దాన్ని రెచ్చగొట్టి, వెంటేసుకుని మన దగ్గరికే వస్తుందని ఇంకొందరు. నాది రెండో మాట. ఆలస్యంగా పోతే రెండు కిలోల పువ్వు తగ్గుతుందని తల్లులు నాతో వాదిస్తారు. ఆ రెండు కిలోల విలువ వాళ్లకెంతో నాకు తెలుసు. అందుకే గట్టిగా చెప్పలేను, పిల్లల్ని మాత్రం చీకట్లో తీసుకుపోవద్దని చెప్తాను.

ఇక సలేశ్వరం జాతర. చైత్ర పౌర్ణమికి ఆ కొద్దిరోజులే దారి తెరుస్తారు. పూజారులు మా చెంచులే. వేలమంది భుజాన సంచులతో లోయలోకి నడిచి దిగుతారు. ఇప్పపువ్వు రాలేది, వాగులు ఎండేది కూడా ఆ రోజుల్లోనే. నడిచేవాళ్లు దారిపొడవునా అరటితొక్కలు, కొబ్బరిచిప్పలు, బెల్లం అంటిన కాగితాలు, పులిహోర పొట్లాలు వదిలేసి పోతారు. మనుషులు ఇళ్లకు పోతారు, వాసన ఉండిపోతుంది. ఆ తర్వాత అదే దారిన గడ్డలకూ పుల్లలకూ నడిచేది మా పెంటల ఆడవాళ్లు. ఏదైనా జరిగితే ఎలుగు చెడ్డదంటారు, లేకుంటే చెంచులు అడవిలో ఎందుకుండాలి, కిందికి రావచ్చు కదా అంటారు. పొట్లం పారేసినవాడి మాట ఎవరూ ఎత్తరు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో గుడ్డెలుగు కూడా పులితోపాటు మొదటి షెడ్యూల్లోనే ఉంది. ఆ సంగతి చెప్తే మా గైడ్లే మొదట నమ్మలేదు. పులి బోర్డులు చూసినన్ని, ఎలుగు బోర్డులు వాళ్లు చూడలేదు.

డబ్బాలు కొనే స్తోమత మాకు లేదు. కానీ వీడియో చూపించిన ఆ పిల్లవాడు ఊరుకోలేదు. పోయిన జాతరకు ఇంకో పదిమందిని కూడగట్టి, దారిపొడవునా నిలబడి, తొక్కలూ పొట్లాలూ నేలమీద వేయకుండా సంచుల్లో వేయించాడు. "మేం పైసలిచ్చి వచ్చినం, నువ్వెవరివి" అన్నవాళ్లున్నారు. తమ సంచి తామే పైదాకా మోసుకొచ్చిన ముసలమ్మలూ ఉన్నారు. రెండోరోజు మధ్యాహ్నానికే వీళ్ల సంచులన్నీ నిండిపోయాయి. ఈ ఏడు జాతరకు ఇంకా నెల ఉండగానే, కింది ఊళ్ల రైతుల దగ్గర ఖాళీ యూరియా సంచులు అడిగి, కడిగి, బడి వరండాలో ఆరేసుకున్నారు.