అరవై ఐదు దాటితే కాసేపు ఆగాలి

మా నాన్న టీ తాగుతుంటే చూసేవాళ్ల నాలుక కాలుతుంది.

పొయ్యి మీద నుంచి దించిన గిన్నెలోంచి నేరుగా స్టీలు గ్లాసులోకి వడకట్టాలి. పైన పొగలు లేస్తుండాలి. గ్లాసు అంచు రెండు వేళ్లతో పట్టుకుని మూడు గుక్కల్లో ఖాళీ చేసేస్తాడు. అమ్మ గిన్నె కడిగేలోపు గ్లాసు కూడా సింకులోకి వచ్చేస్తుంది. కాస్త ఆరిందంటే చాలు, "ఇది ఛాయా, నీళ్లా?" అని వెనక్కి పంపిస్తాడు.

దీనికో కారణం ఉంది. మాది సూర్యాపేట. నాన్న ముప్పై ఏళ్లు ఆర్టీసీ డ్రైవర్. ఎక్కువగా హైదరాబాద్, విజయవాడ రూట్. దారిలో హోటల్ దగ్గర బస్సు ఆగితే పది నిమిషాలు. అందులోనే మొహం కడుక్కోవాలి, టైర్లు చూసుకోవాలి, కండక్టర్ తలలు లెక్కపెట్టేసరికి సీట్లో ఉండాలి. టీకి మిగిలేది ఒక్క నిమిషం. ఆ నిమిషంలోనే తాగడం నేర్చుకున్నాడు. రిటైరై రెండేళ్లయినా ఆయన గొంతు మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంది.

నాది పూర్తిగా రివర్స్. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, అమెరికా క్లయింట్, రాత్రి షిఫ్ట్. కాఫీ కలుపుకుని ల్యాప్‌టాప్ పక్కన పెడతా. ఏదో ఒక కాల్ వస్తుంది. అయ్యేసరికి కాఫీ మీద మీగడ కట్టి ఉంటుంది. మైక్రోవేవ్‌లో పెడతా, మళ్లీ కాల్. ఒకే కప్పు మూడుసార్లు వేడెక్కిన రోజులు చాలా ఉన్నాయి.

మొన్నటి దసరా దాకా ఇదంతా మా ఇంట్లో జోకే.

దసరాకి ఇంటికెళ్లినప్పుడు భోజనాల దగ్గర గమనించాను. నాన్న ముద్ద పెట్టుకున్న ప్రతిసారీ గుక్కెడు నీళ్లు తాగుతున్నాడు. అమ్మని అడిగితే, "రెండు నెలల నుంచి ఇట్లనే ఉన్నది బిడ్డా. మింగితే మధ్యల పట్టేసినట్టయితదంట. నీకు చెప్పొద్దన్నడు" అంది. రెండు రోజుల్లో ఇద్దరినీ హైదరాబాద్ తీసుకొచ్చేశాను.

డాక్టర్ మామూలు ప్రశ్నలే వేశారు. సిగరెట్? లేదు. మందు? ఎప్పుడైనా పెళ్లిళ్లలో. జర్దా? మానేసి పదేళ్లయింది. తర్వాత, "టీ ఎంత వేడిగా తాగుతారు?" అని అడిగారు.

నాన్న గర్వంగా, "పొగలు పోయేలోపు అయిపోవాలె సార్" అన్నాడు.

డాక్టర్ నవ్వలేదు. రాసుకున్నారు. ఎండోస్కోపీ చేసి, లోపల ఎర్రగా ఉన్నచోట చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపారు. రిపోర్టుకి నాలుగు రోజులు పడుతుందన్నారు.

ఆ నాలుగు రాత్రులూ ఒక విండోలో ఆఫీసు టికెట్లు, ఇంకో విండోలో వేడి టీ గురించి వెతుకులాట. భయపడ్డప్పుడు మనమంతా చేసేది అదే కదా.

దొరికింది చెప్తాను. డబ్ల్యూహెచ్‌ఓకి అనుబంధంగా ఫ్రాన్స్‌లోని లియోన్‌లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఉంది. 2016లో వాళ్లు కాఫీని మళ్లీ పరిశీలించి, దానివల్ల క్యాన్సర్ వస్తుందని చెప్పడానికి తగినన్ని ఆధారాలు లేవన్నారు. అదే ప్రకటనలో ఇంకో మాట ఉంది. 65 డిగ్రీల సెల్సియస్ దాటిన పానీయం ఏదైనా, అన్నవాహికకి, అంటే నోటి నుంచి కడుపుకి వెళ్లే గొట్టానికి, క్యాన్సర్ కలిగించే అవకాశం ఉందని '2ఎ' అనే గ్రూపులో పెట్టారు. టీయా, కాఫీయా, వట్టి వేడినీళ్లా అన్నది కాదు సమస్య. వేడితోనే పేచీ.

65 అనగానే నాకు ఇంకోటి గుర్తొచ్చింది. నాన్న ఏళ్ల తరబడి బండి నడిపిన రోడ్డు కూడా 65వ నంబర్ జాతీయ రహదారే.

ఇరాన్‌లోని గోలెస్తాన్ ప్రాంతంలో యాభై వేల మందిని దాదాపు పదేళ్లు గమనించిన ఒక అధ్యయనం 2019లో వచ్చింది. అక్కడ తాగేది మన ఇరానీ ఛాయ్ కాదు, ఎక్కువగా పాలు లేని నల్ల టీ. 60 డిగ్రీలు, ఆపైన వేడి ఉన్న టీ రోజుకి 700 మిల్లీలీటర్లకి మించి తాగేవాళ్లలో, తక్కువ వేడిగా, తక్కువగా తాగేవాళ్ల కంటే అన్నవాహిక క్యాన్సర్ ముప్పు 90 శాతం ఎక్కువ కనిపించింది. ఆ 90 చూసి నాకు చెమటలు పట్టాయి. కింద చదివితే, అంతమందిలో ఆ పదేళ్లలో ఈ క్యాన్సర్ వచ్చినవాళ్లు 317 మంది. అంటే చిన్న ముప్పు కాస్త పెద్దదవుతుంది, అంతే. కానీ రిపోర్టు కోసం ఎదురుచూసేవాళ్లకి ఈ లెక్కలు ఎక్కవు.

నాన్నకీ రాత్రుళ్లు నిద్ర పట్టేది కాదు. డ్యూటీ అలవాటు. రెండింటికి లేచొచ్చి, "ఛాయ్ పెట్టమంటవా?" అనేవాడు. నేను అప్పటికే వంటింటి థర్మామీటర్ ఒకటి ఆర్డర్ పెట్టేశాను. ఆయన టీ వడకట్టగానే అందులో ముంచాను. 86. ఆయన మొదటి గుక్క తాగేసరికి 80. మూడో గుక్కకి 77. నేను తాగడం మొదలుపెట్టేది 60 దగ్గర. మర్నాడు పొద్దున అందరికీ టీ ఇచ్చి, పొయ్యి తుడిచి, పాలు ఫ్రిజ్‌లో పెట్టి, చివరికి కూర్చున్న అమ్మ గ్లాసులో పెట్టి చూశాను. 41.

"ఎప్పుడూ అంతేగా" అంది అమ్మ. ఇన్నేళ్లలో ఆ గ్లాసు సంగతి మేమెవరం అడగలేదు.

80 డిగ్రీల టీ నాన్న నోటికి ఎందుకు కాలదు? మన నోట్లో వేడి నొప్పిని పట్టే గ్రాహకాలు సుమారు 43 డిగ్రీలకే మేల్కొంటాయి. పచ్చిమిరపకాయ కొరికితే మండేదీ వాటివల్లే. వాటిని కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్ వచ్చింది. జుర్రుకుంటూ తాగితే గాలి కలిసి, నోట్లోకి కొంచెం కొంచెమే వచ్చి వేడి తగ్గుతుంది. నాన్నది జుర్రుకోవడం కాదు. నాలుక మీద ఆగకుండా పెద్ద గుక్క లోపలికి పంపించేయడం. నోరు తప్పించుకుంటుంది, కింద ఉన్న గొట్టం తప్పించుకోలేదు.

నాలుగో రోజు సాయంత్రం రిపోర్టు వచ్చింది. క్యాన్సర్ కాదు. కడుపులో యాసిడ్ పైకి తన్నడం వల్ల వచ్చిన వాపు. మాత్రలు రాశారు, రాత్రి తొందరగా తినమన్నారు. వేడి టీ వల్లే వచ్చిందని డాక్టర్ అనలేదు. "పుండు మీద వేడినీళ్లు పోస్తామా? ఇదీ అంతే. కాస్త ఆరాక తాగండి" అన్నారు.

అమ్మ దేవుడికి దండం పెట్టుకుంది. నాన్న ఇంటికి రాగానే, "ఛాయ్ పెట్టు" అన్నాడు. పొగలు కక్కుతున్న గ్లాసు అందుకున్నాడు. నేను లాక్కున్నాను.

"సల్లారిన ఛాయ్ తాగుడు కంటే మానేసుడు నయం" అన్నాడు.

నేను ఇంజినీర్‌ని కదా, ప్రయోగాలు మొదలుపెట్టాను. స్టీలు గ్లాసులో టీ 65కి దిగడానికి ఐదారు నిమిషాలు పట్టింది. పింగాణీ కప్పులో ఇంకాస్త ఎక్కువ. రెండు గ్లాసుల మధ్య మూడుసార్లు తిరగబోస్తే క్షణాల్లో పది డిగ్రీలకు పైగా పడిపోయింది. సాసర్లో పోస్తే నిమిషం లోపే 60 కిందికి. పాత ఇరానీ హోటళ్లలో పెద్దవాళ్లు సాసర్లో పోసుకుని తాగేది, కాఫీ హోటళ్లలో పైనుంచి తిరగబోసేది ఊరికే కాదు. వెడల్పు పెరిగి, గాలి తగిలి, ఆవిరితో పాటు వేడి పోతుంది. ఇక మూత పెట్టిన పార్శిల్ కప్పయితే ఆవిరికి దారే లేదు, చాలాసేపు వేడి తగ్గదు.

"అమెరికాలో ఇద్దరు పరిశోధకులు 2008లో లెక్క కట్టారు నాన్నా. రుచీ ఉండాలి, కాలకూడదు అంటే సుమారు 58 డిగ్రీలు సరిపోతుందట" అన్నాను.

"వాళ్లు మన ఛాయ్ తాగిన్రా?" అన్నాడు.

చివరికి నా బ్రహ్మాస్త్రం తీశాను. ఫోన్‌లో ఆ 2ఎ లిస్టు తెరిచి ముందు పెట్టాను. ఆయన కళ్లజోడు లేదు. "ఇంకేమేం ఉన్నయో చదువు" అన్నాడు.

మేక, గొర్రె, గొడ్డు లాంటి ఎర్ర మాంసం ఉందని చెప్పాను. "ఆదివారం కూడా పాయె" అని నవ్వాడు. ఇంకో లైను కనపడింది. నేను ఆగిపోయాను.

"ఆగినవేంది? చదువు."

"రాత్రి షిఫ్టు పని" అన్నాను.

నిజమే. నిద్ర వేళలు తారుమారు చేసే రాత్రి షిఫ్టుని 2007లోనే ఆ గ్రూపులో చేర్చారు. 2019లో మళ్లీ చూసి అక్కడే ఉంచారు. మూడేళ్లుగా నేను చేస్తున్నది అదే. నాన్న ఆర్టీసీలో ఎన్నో ఏళ్లు చేసిందీ అదే.

కాసేపు ఎవరం మాట్లాడలేదు. నేనే తేరుకుని, "2ఎ అంటే అంత ప్రమాదమని కాదు నాన్నా. ఆధారం ఎంత గట్టిగా ఉందో చెప్తుందంతే. ముప్పు ఎంతో చెప్పదు" అన్నాను. అది నిజం కూడా.

"మరి ఛాయ్‌కి కూడా గంతే కదా?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. తనకైతే గ్రాఫులు, నాకైతే మినహాయింపులు. బగ్గు నా కోడ్‌లోనే ఉంటే ఎదుటివాళ్ల మెషీన్ మీద తోసేయడం మా వాళ్లకి బాగా అలవాటు.

"నేను నైట్ డ్యూటీలు చేసింది నువ్వు రాత్రిళ్లు మంచిగ పండుకోవాలనే. నాలుగు రోజులు చూసిన. రాత్రి రెండింటికి కంప్యూటర్‌తోని మాట్లాడుతున్నవు. పొద్దున పది దాటినా నిద్ర పడతలేదు. నేనేమన్న అన్ననా?"

అమ్మ మధ్యలోకి వచ్చి తేల్చేసింది. "ఆయన ఐదు నిమిషాలు ఆగాలె. నువ్వు పగలు డ్యూటీ అడగాలె. ఇద్దరూ ఒప్పుకుంటేనే ఛాయ్ పెడతా."

ఒప్పుకున్నాం.

నాన్న మాట ముందు నిలబెట్టుకున్నాడు. సూర్యాపేట వెళ్లిన రోజు నుంచి ఇదీ వరస. సాయంత్రం ఐదింటికి అమ్మ గ్లాసులో టీ పోస్తుంది. ఐదు నిమిషాలు ఏం చేయాలో తోచక నాకు ఫోన్ చేస్తాడు. అప్పటికి నేను నిద్రలేచి ఉంటాను.

ఇంతకుముందు మా కాల్స్ అర నిమిషం. "తిన్నవా? పండుకున్నవా? సరే, అమ్మకిస్తున్న." ఇప్పుడు ఆయనకి ఐదు నిమిషాలు నింపాల్సి వస్తోంది. అలా బయటికొచ్చినవే కొన్ని కథలు. జనవరి పొగమంచులో ముందు లారీ వెనక లైట్లు పట్టుకుని తోలిన రాత్రి. నేను పుట్టానని కబురొచ్చినప్పుడు తను కోదాడ దాటి ఉన్నాడని, వెనక్కి తిప్పలేక విజయవాడ దాకా వెళ్లి వచ్చాడని. ఇరవై ఎనిమిదేళ్లలో ఇది నాకు తెలియదు. మధ్యలో, "అయ్యో, ఇంక సల్లారింది, ఉంటా" అని పెట్టేస్తాడు.

అమ్మ కూడా ఇప్పుడు తన గ్లాసు పట్టుకుని ఆయన పక్కనే కూర్చుంటుందట. ఇద్దరికీ ఒకేసారి పోసుకుంటోంది. మొదటిసారి నాలుక కాలిందని నవ్వుతూ చెప్పింది.

ఇక నా సంగతి. షిఫ్ట్ మార్చమని మేనేజర్‌కి మెయిల్ పెట్టాను. వచ్చే క్వార్టర్‌లో చూద్దామన్నారు. నేనూ సరే అని ఊరుకున్నాను. రాత్రి అలవెన్స్ పోతుంది, ఈఎంఐ ఉంది, ఇంకా ఏవేవో కారణాలు.

పోయిన వారం ఫోన్‌లో అడిగాడు. "మీ సార్ ఏమన్నడు?"

"వచ్చే క్వార్టర్ అన్నారు నాన్నా. ఆగాలి."

"నేను ఐదు నిమిషాలు ఆగుతున్న. నువ్వు మూడు నెలలు ఆగుతవా?"

నేనేం మాట్లాడలేదు. అవతల నుంచి జుర్రుమని శబ్దం వచ్చింది. గుక్క కాదు, జుర్రు. "మంచిగనే ఉన్నది ఛాయ్" అని పెట్టేశాడు.

ఆ సాయంత్రం లాగిన్ అయ్యాక, వేరే ఏ విండో తెరవకముందే, రెండో మెయిల్ పెట్టాను. ఈసారి తేదీ కూడా రాశాను.