అవ్యక్తము అభావము కాదు

కన్ను చూచును, కాలేయము చూడదు. క్లోమము ఇన్సులిన్‌ను స్రవించును, చర్మము స్రవింపదు. ఇందు ఆశ్చర్యమేమున్నది, ఏ అవయవము ధర్మము దానిది గదా యని తోచవచ్చును. కాని మానవశరీరము మాతృగర్భమున ఒకే ఒక కణముగా ఆరంభమైనది. ఆ కణమునందలి జన్యుగ్రంథమే ప్రతి విభజనమునందును ప్రతిలిఖితమై సంతతికణములకు సంక్రమించినది. సుమారు 300 కోట్ల అక్షరముల గ్రంథమది. అందు ప్రోటీనుల నిర్మాణమును విధించు జన్యువులు సుమారు 20,000. కేంద్రకము లేని పరిణత రక్తకణములను, గ్రంథములో సగము మాత్రమే గల బీజకణములను, మరికొన్ని స్వల్ప భేదములను మినహాయించినచో, ఏ కణమును తెరచి చూచినను ఆ గ్రంథమే కనబడును. అనగా ఇన్సులిన్ జన్యువు కంటియందును కలదు, ఎముకయందును కలదు. అచ్చట అది మౌనముగా ఉన్నది.

ఉండియు పలుకని ఈ స్థితిని ఏమనవలెను? ఉన్నదనవలెనా, లేదనవలెనా?

భారతీయ దర్శనములకు ఈ ప్రశ్న చిరపరిచితము. కార్యము కారణమునందు ముందే సూక్ష్మరూపమున ఉన్నదని సాంఖ్యుల సత్కార్యవాదము. నువ్వులనుండి నూనె వచ్చును గాని ఇసుకనుండి రాదు. కనుక నూనె నువ్వులలో ఉండియే తీరవలెను. నైయాయికులు, వైశేషికులు దీనిని అంగీకరింపరు. మట్టిముద్దలో కుండ ముందే ఉన్నచో కుమ్మరితో పనియేమి? మట్టిముద్దతోనే నీరు తేవచ్చును గదా! కార్యము క్రొత్తగా ఆరంభమగుననియే వారి సిద్ధాంతము. కుమ్మరి కుండను సృష్టింపడు, అవ్యక్తముగా నున్నదానిని వ్యక్తము చేయునని సాంఖ్యుని సమాధానము. ప్రతిపక్షి అంతటితో విడువడు. ఆ అభివ్యక్తి ముందే ఉన్నదా, లేదా? ఉన్నచో ప్రయత్నము వ్యర్థము. లేనిచో క్రొత్తది ఒకటి పుట్టినట్లే. సాంఖ్యుడు తన పక్షమును తానే విడిచినట్లే.

ఇది పండితుల తర్కవినోదము మాత్రమే కాదు. తాతకును తండ్రికిని మధుమేహమున్న గృహస్థుడు నలువదవ యేట తన రక్తపరీక్షా పత్రమును చేత బట్టుకొని నిలిచినప్పుడు ఈ ప్రశ్న అతని ఇంటిలోనికే వచ్చును. పూర్వము నుదుటి వ్రాత అన్నవారు నేడు జీన్స్‌లో ఉన్నదందురు. మాట మారినది గాని భావము మారలేదు. కారణమున ఉన్నది కార్యమున వచ్చియే తీరునని, నడుమ మనుష్యునకు చేయదగినది లేదని దాని తాత్పర్యము. ఆ తాత్పర్యము సత్యమా? జీవకణమునే అడిగి చూడవలెను.

జన్యువు స్వయముగా ఏ పనియు చేయదు. అది విధివాక్యము వంటిది. చదివి అనుష్ఠించువారు లేనిచో ఫలము లేదు. ఆర్.ఎన్.ఏ. పాలిమరేజ్ అను ఎంజైము జన్యువు ఆరంభమునకు సమీపమున డి.ఎన్.ఏ.పై కూర్చుండి, దానికి ఆర్.ఎన్.ఏ. రూపమున ఒక ప్రతిని వ్రాయును. ఇది అనులేఖనము. ఆ ప్రతిని రైబోసోములు చదివి, అమైనో ఆమ్లములను వరుసగా కూర్చి ప్రోటీనును నిర్మించును. ఇది అనువాదము. ఈ వ్యాపారమునకు మన పాఠ్యగ్రంథములు పెట్టిన పేరు జన్యు వ్యక్తీకరణము. పేరు పెట్టినవారు ఉద్దేశించిరో లేదో గాని, సాంఖ్యుని మాటయే అచ్చట నిలిచినది.

ఈ వ్యక్తీకరణము ఎట్లు నియమింపబడునో మొదట స్పష్టపరచినది పారిస్ నగరమునందలి పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్. జాక్ మొనో 1941లో సమర్పించిన పరిశోధనగ్రంథమున ఒక విచిత్రమును వర్ణించెను. రెండు చక్కెరలు కలిపిన ద్రవమున బాక్టీరియాలను పెంచగా, అవి మొదట ఒక చక్కెరను మాత్రమే తిని వృద్ధిపొందినవి. అది అయిపోగానే కొంతసేపు వృద్ధి నిలిచినది. ఆ పిమ్మట రెండవదానిని తినుట ఆరంభించినవి. ఈ విరామమేమిటి? ఆహారమే కణమును ప్రేరేపించి తనకు తగిన ఎంజైమును సృష్టింపజేయునని అప్పటి సహజమైన ఊహ. పిమ్మట ఫ్రాంస్వా జాకబ్, ఆర్థర్ పార్డీలతో కలిసి ఈ. కోలి బాక్టీరియాపై చేసిన ప్రయోగములు ఆ ఊహను తలక్రిందులు చేసినవి.

పాలచక్కెరయగు లాక్టోజ్‌ను కణములోనికి తెచ్చుటకును, విడగొట్టుటకును వలయు జన్యువులు ఈ. కోలి యందు సదా ఉన్నవి. వాటి ముంగిట ఒక నిరోధక ప్రోటీను కూర్చుండి పాలిమరేజ్‌కు అడ్డుపడుచుండును. లాక్టోజ్ లోనికి వచ్చినప్పుడు దానిలో కొంత అల్లోలాక్టోజ్‌గా మారి ఆ నిరోధకమును అంటుకొనును. దానితో నిరోధకము ఆకృతి మారి, డి.ఎన్.ఏ.పై పట్టు సడలి తొలగును. త్రోవ తెరచుకొనగా పాలిమరేజ్ తన పని తాను చేసుకొనిపోవును. లాక్టోజ్ జన్యువును సృష్టింపలేదు, త్రోయలేదు, అడ్డును తీసినది. జాకబ్, మొనోలు 1961లో ఈ సిద్ధాంతమును సమగ్రముగా ప్రకటించిరి. 1965లో ఆంద్రే ల్వోఫ్‌తో కలిసి నోబెల్ బహుమానమును పొందిరి. అప్పటివరకు అనుమానప్రమాణముతో మాత్రమే సిద్ధించియున్న నిరోధకమును 1966లో వాల్టర్ గిల్బర్ట్, బెన్నో మ్యూలర్-హిల్‌లు వేరుచేసి చూపిరి.

పతంజలి యోగసూత్రముల కైవల్యపాదము ఎరిగినవారికి ఇచ్చట ఒక దృష్టాంతము స్ఫురింపక మానదు. ఒక జాతి మరొక జాతిగా ఎట్లు పరిణమించునను ప్రసంగమున, ధర్మాది నిమిత్తములు ప్రకృతిని నడిపించునవి కావనియు, రైతువలె అడ్డును మాత్రము తొలగించుననియు ఆ పాదము తృతీయసూత్రము తెలుపును. పొలము తడుపదలచిన రైతు నీటిని దోసిళ్లతో మోయడు. మడవ తీయును. నీరు పల్లమును చూచుకొని తానే పారును. మన పల్లెలలో నేటికిని తూము దిగువన రైతు పారతో చేయునది ఇంతే.

ఇంతమాత్రముచేత ప్రాచీనులు డి.ఎన్.ఏ.ను ఎరుగుదురని చెప్పుట సాహసము. అది వారికి గౌరవమును కాదు. వారు ఆలోచించినది కార్యకారణభావమును గూర్చి. పారిస్ శాస్త్రజ్ఞులు పరీక్షించినది ఒక బాక్టీరియాను. పైగా ఈ దృష్టాంతము సగమునే వెలిగించును. గ్లూకోజ్ సమృద్ధిగా ఉన్నంతకాలము, నిరోధకము తొలగినను లాక్టోజ్ జన్యువుల వ్యక్తీకరణము మందముగనే ఉండును. గ్లూకోజ్ తరిగినప్పుడు కణములో చక్రీయ ఏ.ఎం.పి. అను చిన్న అణువు పెరిగి, ఒక సహాయక ప్రోటీనుతో జతకూడును. ఆ జంట డి.ఎన్.ఏ.పై నిలిచి పాలిమరేజ్‌కు చేయూతనిచ్చును. అడ్డు తీయుట ఒకటి, చేయి అందించుట మరొకటి. మానవకణమున ఈ రెండవ అవసరము మరింత అధికము. అచ్చట డి.ఎన్.ఏ. హిస్టోనులను ఎనిమిదేసి ప్రోటీనుల ఉండలకు దారమువలె చుట్టబడి యుండును. ఉండ కొక్కంటికి చుట్టుకొను భాగము సుమారు 147 అక్షరజంటలు. ఆ చుట్టలను సడలించు ప్రోటీనులు, దూరముననుండి ప్రోత్సహించు డి.ఎన్.ఏ. భాగములు కలిసి వచ్చినగాని అనేక జన్యువులు పలుకవు. నువ్వులలో నూనె ఉన్నను గానుగ లేక రాదని, సహకారికారణములను విస్మరింపరాదని నొక్కిచెప్పిన నైయాయికునకు ఇచ్చట గౌరవము దక్కును.

మరి మౌనముగా నున్న జన్యువు నిజముగా ఉన్నదా? లేక వాడుకలో లేక క్రమముగా నశించినదా? ఇది ఊహతో తేలునది కాదు. జాన్ గర్డన్ ఆఫ్రికా కప్ప తోకపిల్ల ప్రేగులోని కణమునుండి కేంద్రకమును తీసి, స్వకీయ కేంద్రకము నిర్వీర్యము చేయబడిన అండమునందు ఉంచెను. ప్రేగుకణపు కేంద్రకమునుండియే ఈదాడు తోకపిల్లలు పుట్టినవి. ఆ ఫలితమును 1962లో ప్రకటించెను. ప్రేగుగా పనిచేయుచున్న కణమునందు కన్ను, గుండె, వెన్నెముక అన్నియు చెక్కుచెదరక యున్నవన్నమాట. 2006లో జపానుకు చెందిన షిన్యా యమనక ఎలుక కణములలో కేవలము నాలుగు జన్యువులను ప్రవేశపెట్టి వాటిని ఆదిమస్థితికి మరలించెను. అట్టి కణము తిరిగి ఏ కణమైనను కాగలదు. 2012లో వీరిరువురకును నోబెల్ బహుమానము లభించినది. అవ్యక్తము అభావము కాదను సాంఖ్యుని మాటకు ఇంతకంటె స్పష్టమైన ప్రత్యక్షనిదర్శనము దొరకుట అరుదు.

ఇక మిగిలినది ప్రతిపక్షి వేసిన చిక్కుముడి: అభివ్యక్తి ముందే ఉన్నదా, లేదా? దీనికి ఈ. కోలి చూపు సమాధానము మనోహరము. లాక్టోజ్ లోనికి వచ్చినగాని మడవ తెరచుకొనదు. కాని లాక్టోజ్‌ను లోనికి తెచ్చు ప్రోటీను, దానిని అల్లోలాక్టోజ్‌గా మార్చు ఎంజైము మడవ ఆవలనున్న జన్యువులనుండియే రావలెను. తాళపుచెవి పెట్టెలోపలనే ఉండిపోయినట్లున్నది. అయినను కణము నడచుచున్నది. ఏలన, నిరోధకము పట్టు ఎంత గట్టిదైనను సంపూర్ణము కాదు. గట్టునుండి కొంచెము ఊట కారుచునే యుండును. ఆ ఊటవలన కణమునందు ఆ ప్రోటీనులు ఏ కొన్నియో సదా ఉండును. అవియే మొదటి లాక్టోజ్‌ను లోనికి చేర్చును. అభివ్యక్తి మొదట లేకపోలేదు, పూర్ణముగను లేదు. ఉన్నది, లేదు అను రెండు కోటుల నడుమ అది స్వల్పముగా ఉన్నది.

నిరోధకము సైతము ఒక జన్యువునుండి పుట్టిన ప్రోటీనే. గట్టు కట్టిన మట్టియు ఆ పొలములోనిదే. నియమించు జన్యువును నియమించునది మరొకటి, దానిని మరొకటి యనుచు పోయినచో అనవస్థ కాదా? మానవునియందు ఆ పరంపర వెనుకకు పోయి తల్లి అండములో చేరును. గర్భస్థకణము తొలి విభజనములను తన జన్యువులతో గాక, తల్లి అండమున నింపియుంచిన ఆర్.ఎన్.ఏ., ప్రోటీనులతో సాగించును. ఆ పిదపనే దాని జన్యువులు పలుకనారంభించును. గ్రంథము ఎన్నడును ఒంటరిగా సంక్రమింపలేదు. చదువుచున్న కణముతో సహా సంక్రమించినది. ఆ అండము మరొక తల్లినుండి, అది మరొక తల్లినుండి. బీజాంకురన్యాయమని పెద్దలు చెప్పినది ఇట్టి పరంపరనే.

కణము తన మౌనములను గుర్తుంచుకొనును గూడ. డి.ఎన్.ఏ.లోని కొన్ని అక్షరములపై మిథైల్ అను చిన్న గుర్తు పడినప్పుడు, సాధారణముగా ఆ ప్రాంతపు జన్యువు నోరు మూతపడును. కణము విభజన పొందునపుడు ఆ గుర్తు సహితము క్రొత్త ప్రతిపై ఎక్కింపబడును. అక్షరము మారదు, సంస్కారము నిలుచును. 1944–45 శీతకాలమున జర్మన్ ఆక్రమణలోనున్న నెదర్లాండ్స్ పశ్చిమభాగమున కఱవు సంభవించినది. రోజువారీ రేషను 1,000 కెలోరీలకంటె తక్కువకు దిగజారినది. ఆ కఱవునాడు గర్భమున పడినవారిని ఆరు దశాబ్దముల పిమ్మట పరీక్షించి 2008లో ఫలితములు ప్రకటించిరి. కఱవు ఎరుగని తోబుట్టువులతో పోల్చగా, పెరుగుదలకు సంబంధించిన ఐ.జి.ఎఫ్.2 అను జన్యువుపై వారికి మిథైల్ గుర్తులు తక్కువగా కనబడినవి. పుట్టకమునుపే, ఎవరో చేసిన యుద్ధమువలన, వారి దేహమున ఒక గుర్తు మారినది.

కనుక రక్తపరీక్షా పత్రముతో నిలిచిన ఆ గృహస్థునకు రెండు అసత్యములు చెప్పరాదు. అంతయు జన్యువులలోనే ఉన్నదనుట మొదటి అసత్యము. నడక, శ్రమ వలన కండరములలో గ్లూట్-4 అను ప్రోటీను జన్యువు వ్యక్తీకరణము పెరుగును. రక్తమునందలి గ్లూకోజ్‌ను కండరకణములోనికి చేర్చునది ఆ ప్రోటీనే. తాతనుండి వచ్చిన అక్షరములలో ఒక్కటియు మారలేదు, చదువుట మారినది. వ్యాయామము మాని కొన్నాళ్లయినచో ఆ పెంపు తగ్గును. మడవ ఒకసారి తీసి మరచునది కాదు. కావుననే రైతు దినదినము పొలమునకు పోవును. సంకల్పబలముతో జన్యువులనెల్ల వశపరచుకొనవచ్చునని ప్రచారము చేయుట రెండవ అసత్యము. కొన్ని గట్లు అతడు పుట్టకముందే కట్టబడినవి, కొన్ని తెగినవి. కొన్ని లోపములు అక్షరములయందే ఉన్నవి. నియమము తప్పక పాటించినవానికిని వ్యాధి రావచ్చును. అట్టివానిని చూచి, నీ ప్రయత్నము చాలలేదని నిందించుట అజ్ఞానము మాత్రమే కాదు, హింస. అతనికి ఔషధము కావలెను. ఔషధము సహకారికారణమే, దానిని పుచ్చుకొనుట పురుషప్రయత్నమునకు విరుద్ధము కాదు.

తండ్రి వ్యాధి కుమారునియందు అవ్యక్తముగా ఉండవచ్చును. ఆరోగ్యమునకు వలయు జన్యువులును అట్లే అవ్యక్తముగా ఉండవచ్చును. రెండింటిలో ఏది ఎంతవరకు వ్యక్తమగునో చెప్పు హామీపత్రము ఏ శాస్త్రమునందును లేదు. నీరు, పల్లము ఆ గృహస్థుని వశమున లేవు. ప్రాతఃకాలమున లేచి నడచుట, భోజనమున మితము పాటించుట, వైద్యుడు చెప్పిన మాత్రను వేళకు పుచ్చుకొనుట, తన పిల్లలకు ఈ విషయమును భయపెట్టక తెలియజెప్పుట అతని వశమున ఉన్నవి.