నాందేడ్ రోడ్డు మీది ఊళ్లు

హైదరాబాదు నుంచి నాందేడ్ పోయే దారిని సంగారెడ్డి దగ్గర్నుంచి సర్కారు లెక్కల్లో 161వ జాతీయ రహదారి అంటారు. ఒకప్పుడిది రాష్ట్ర రహదారి. ఈ దిక్కు జనానికి మాత్రం అప్పుడూ ఇప్పుడూ నాందేడ్ రోడ్డే. సంగారెడ్డి దాటి, శివ్వంపేట దగ్గర మంజీర వంతెన ఎక్కి దిగి, జోగిపేట, శంకరంపేట, పిట్లం, మద్నూర్ మీదుగా దెగ్లూర్ దిక్కు సాగుతుంది.

ఈ దారిలో చరిత్ర అడుగడుగునా ఎదురవుతుంది. రాయబాగన్ బిరుదు పొందిన రాణి శంకరమ్మ పేరు మీదే శంకరంపేట వెలిసిందనీ, ఆమె కొడుకు పేరే సంగారెడ్డికి వచ్చిందనీ పెద్దలు చెబుతారు. నడుమనున్న జోగిపేటకు ఇంకా పెద్ద గౌరవం ఉంది. నిజాం రాష్ట్రంలో తెలుగువాడు తన భాష కోసం గొంతెత్తడానికే జంకిన రోజుల్లో, 1930లో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన తొలి ఆంధ్ర మహాసభ జరిగింది అక్కడే. శంకరంపేటకు పొరుగునున్న నారాయణఖేడ్ 1956 దాకా బీదర్ జిల్లాలో ఉండేది. అందుకే ఈ దారి సంతల్లో తెలుగు, ఉర్దూ, కన్నడం, మరాఠీ కలిసే బేరమాడతాయి.

కోతల కాలంలో చూడాలి ఈ రోడ్డును. తారు అంచున వడ్లు పలచగా పరిచి ఉంటాయి. బండ్లు ఎక్కకుండా చుట్టూ రాళ్లు పేర్చి ఉంటాయి. తలకు తువ్వాలు చుట్టుకున్న రైతు పారతో వాటిని తిరగేస్తుంటాడు. మబ్బు పట్టిందంటే ఇంటిల్లిపాదీ కవర్లు పట్టుకొని ఉరుకుతారు. పొద్దుగూకాక ఆ రాళ్లు కనబడక మోటార్ సైకిళ్లు పడిపోతాయి, ప్రాణాలూ పోతాయి. రైతు సరదాకు చేసే పని కాదిది. పొలం దగ్గర కల్లం లేక, తడిసిన గింజకు ధర రాక రోడ్డెక్కుతాడు.

2024 మార్చి 5న సంగారెడ్డిలో ప్రధాని మోదీ కంది నుంచి రాంసాన్‌పల్లి దాకా 40 కిలోమీటర్ల నాలుగు వరుసల రోడ్డును జాతికి అంకితం చేశారు. ఇండోర్–హైదరాబాద్ కారిడార్‌లో అదొక భాగం. మంచి రోడ్డు కావాల్సిందే. పురిటి నొప్పులు పడే ఆడబిడ్డను పట్నం ఆసుపత్రికి చేర్చడంలో ప్రతి నిమిషమూ విలువైనదే. కానీ నాందేడ్‌కు ఎంత తొందరగా చేరామన్నదొక్కటే రోడ్డుకు కొలత కాకూడదు. బడిపిల్లలు, పశువులు, ఎడ్లబండ్లు భయం లేకుండా దాటగలగాలి. ఊరి ముందు బస్సు ఆగాలి. రోడ్డుకు పెట్టే ఖర్చులో కొంతైనా ఊరూరా కల్లాలకు పెట్టాలి.

మీరు ఈ దారిన పోతే శంకరంపేట దగ్గర వేగం తగ్గించండి. వీలైతే ఊళ్లోకి తిరిగి, చాయ్ తాగి, నలుగురితో మాట్లాడి పోండి. ఈ రోడ్డు మొదట ఈ ఊళ్లది, ఆ తర్వాతే దూరం పోయేవాళ్లది.